వర్చువల్ ఫైర్‌వాల్‌లకు వనరుల కేటాయింపు

ఒకే యంత్రం మీద నడిచే పలు వర్చువల్ ఫైర్‌వాల్‌లలో దేనికి ఎన్ని ప్రాసెసర్ కోర్లు, ఎంత మెమరీ, ఎంత డిస్కు, ఎన్ని కనెక్షన్లు ఇవ్వాలో తేల్చి, ఆ హద్దులు అమలయ్యేలా చూడటమే వనరుల కేటాయింపు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో మూడు అవైలబిలిటీ జోన్లతో హైదరాబాద్ రీజియన్ తెరిచాక, కీసర, శామీర్‌పేట వైపు కాలేజీలు, గోదాములు, జీనోమ్ వ్యాలీ ల్యాబులు కూడా పెట్టె కొనకుండా, పక్క ఊళ్లో ఉన్నంత దగ్గర్లోనే ఫైర్‌వాల్ అద్దెకు తీసుకునే వీలు కలిగింది. అద్దెకు తీసుకునేటప్పుడు కొలత వీసీపీయూ. ఇంటెల్ ప్రాసెసర్ల మీద నడిచే చాలా రకాల ఇన్‌స్టాన్సుల్లో, అంటే అద్దె మెషీన్లలో, ఒక వీసీపీయూ అంటే ఒక హైపర్‌థ్రెడ్, అంటే కోరులో సగం. కొటేషన్‌లో ఎనిమిది వీసీపీయూలని ఉంటే చేతికొచ్చేవి నాలుగు కోర్లే.

మామూలు వర్చువల్ మెషీన్లకు ఉన్న కోర్లకన్నా ఎక్కువ పంచిపెట్టడం ఆనవాయితీ. అన్నీ ఒకేసారి పని చేయవు కాబట్టి అది నడిచిపోతుంది. ఫైర్‌వాల్ దగ్గర ఆ లెక్క పనికిరాదు. 10 గిగాబిట్ల లింకు నిండా 64 బైట్ల ప్యాకెట్లు వస్తే సెకనుకు సుమారు 1.488 కోట్లు అవుతాయి. ఒక్కోదానికి దక్కే సమయం 67 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్‌జ్ కోరుకు అది 200 సైకిళ్లు. అంత వేగం అక్కర్లేదు, సెకనుకు పది లక్షల ప్యాకెట్లే వస్తున్నాయనుకుందాం. మెషీన్లకు కోర్లు పంచే హైపర్‌వైజర్ ఈ ఫైర్‌వాల్ కోరును 10 మిల్లీసెకన్లు పక్క మెషీన్‌కు ఇచ్చిందంటే 10,000 ప్యాకెట్లు వాకిట్లో నిలబడతాయి. అందుకునే క్యూలో 4,096 గదులే ఉంటే మిగతావి పోయినట్టే. వెబ్ సర్వర్‌కైతే అది కాస్త ఆలస్యం; ఇక్కడ నేరుగా నష్టం. అందుకే ప్యాకెట్లు చూసే కోర్లను ఆ ఇన్‌స్టాన్సుకే కట్టిపడేయాలి, దాని మెమరీని, నెట్‌వర్క్ కార్డును అదే ప్రాసెసర్ సాకెట్ వైపు ఉంచాలి. కార్డు ఒక సాకెట్‌కు, కోర్లు మరో సాకెట్‌కు పడితే ప్రతి ప్యాకెట్టూ అవతలికి వెళ్లి రావాల్సిందే.

ఈ విద్య ఒక్కరోజులో రాలేదు. 2005లో పిక్స్ ఫైర్‌వాల్ 7.0 వెర్షన్‌తో సిస్కో తెచ్చిన సెక్యూరిటీ కాంటెక్స్టులు, అంటే ఒకే పెట్టెలోని పలు ఫైర్‌వాల్‌లు, రూల్సును, ఇంటర్‌ఫేసులను విడదీశాయి గాని ప్రాసెసర్‌ను విడదీయలేదు. ఆ దారిలో వచ్చిన సిస్కో ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌లో రిసోర్స్ క్లాసులతో కనెక్షన్లకు, లాగుల వేగానికి హద్దు పెట్టవచ్చు. సీపీయూకు పెట్టే వీల్లేదు. పైగా మనం చెప్పకపోతే కనెక్షన్లకూ హద్దుండదు. ఒక కాంటెక్స్టు మీద దాడి జరిగితే పక్కవాళ్లకూ ఊపిరాడదు. 2018 చివర్లో సిస్కో ఫైర్‌పవర్ 6.3 వెర్షన్‌తో 4100, 9300 యంత్రాల్లో మల్టీ ఇన్‌స్టాన్స్ వచ్చింది. ఒక్కో ఫైర్‌వాల్ ఒక కంటైనర్‌లో తన సొంత కోర్లతో నడుస్తుంది. కనీసం ఆరు ఇవ్వాలి, మెమరీ వాటి దామాషాలో వస్తుంది. ఖాళీగా ఉన్న కోరును పక్కదానికి అప్పివ్వడం కుదరదు. అది వృథాగా కనిపించినా ఆ వృథాకే డబ్బు పెట్టాలి, ఎందుకంటే పక్కవాడి అవసరంతో నిమిత్తం లేని భరోసా మరోలా దొరకదు.

మెమరీ కొరత సీపీయూ గ్రాఫులో కనపడదు. కీసర దగ్గరి ఒక కాలేజీ, మేడ్చల్‌లోని ఒక గోదాము ఒకే పెట్టెను పంచుకుంటున్నాయనుకుందాం. పొద్దున పది గంటలకు ఆన్‌లైన్ పరీక్ష మొదలై వేల కనెక్షన్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. కనెక్షన్ టేబుల్ ఉమ్మడిదైతే అది నిండుతుంది, గోదాములో బార్‌కోడ్ స్కానర్లు ఆగిపోతాయి. సీపీయూ మాత్రం 30 శాతం దగ్గరే ఉంటుంది! ఎవరికెంతో ముందే రాసిపెట్టి, ఇచ్చిన మెమరీని హైపర్‌వైజర్ వెనక్కి లాక్కోకుండా రిజర్వ్ చేయాలి. టీఎల్ఎస్ గుప్తీకరణ విప్పి చూసే పని పెడితే కోర్లు, మెమరీ ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

డిస్కును చాలామంది ఆఖర్న ఆలోచిస్తారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులను 180 రోజులు భద్రపరచాలి. సెకనుకు 200 లాగులు, ఒక్కోటి 500 బైట్లు అనుకుంటే రోజుకు 8.64 జీబీ, మొత్తం గడువుకు దాదాపు 1.5 టీబీ. ఇన్‌స్టాన్సుకు 40 జీబీ ఇస్తే ఐదు రోజులు తిరక్కుండానే నిండిపోతుంది. లాగులను ఎప్పటికప్పుడు వేరే సర్వర్‌కు పంపాల్సిందే.

ఒకటి ఆగితే రెండోది అందుకునేలా జంటగా నడిపే ఫైర్‌వాల్‌లు రెండూ ఒకే యంత్రం మీద పడకుండా, ఏ మెషీన్ ఎక్కడ నడవాలో తేల్చే షెడ్యూలర్‌కు చెప్పాలి. లేకపోతే ఒక పవర్ సప్లయ్ పోగానే రెండూ పోతాయి. రెండూ ట్రాఫిక్ పంచుకుంటూ చెరో 70 శాతం భారం మోస్తుంటే, ఒకటి పడ్డరోజు రెండోదాని మీద 140 శాతం పడుతుంది. అందుకని ఒక్కోదాని భారం 50 శాతం లోపే ఉండేలా కోర్లు ఇవ్వాలి.