మారుపేరు నుంచి ఫోన్ నంబరు దాకా: ఆన్‌లైన్ సంభాషణల్లో వ్యక్తిగత సమాచార రక్షణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అపరిచితులతో కంప్యూటర్ ద్వారా సంభాషించే అలవాటుకు అర్ధశతాబ్ది చరిత్ర ఉంది. చట్టాలు రాకముందు ఈ సంభాషణల్లో వ్యక్తిగత సమాచారానికి రక్షణగా నిలిచింది మారుపేరు అనే ఆచారం. ఆ ఆచారం ఏర్పడిన తీరు, దాని పరిమితులు, ఫోన్ నంబరే గుర్తింపుగా మారాక వచ్చిన మార్పు, భారతీయ చట్టాలు ఇస్తున్న రక్షణ అనే అంశాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గోప్యత, మారుపేరు, చాట్, అపరిచితులు, ఫోన్ నంబరు, సైబర్ చట్టాలు.

1. ఉపోద్ఘాతం:

గుట్టు, రహస్యం, గోప్యత అనే మాటలు తెలుగులో దగ్గరి అర్థాలతో వాడుకలో ఉన్నాయి. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెతలో గుట్టు ఇంటికి చెందినది. దాన్ని బయటపెట్టేవాడు ఇంటివాడే. 'గోప్యత' అనే మాట నేటి న్యాయపరిభాషలో వ్యక్తికి చెందిన హక్కును సూచిస్తోంది. ఆన్‌లైన్ సంభాషణలో ఈ రెండు భావాలూ కలుస్తాయి. సమాచారం వ్యక్తిది. చాలా సందర్భాల్లో దాన్ని ఎదుటివారికి అందించేదీ ఆ వ్యక్తే. అదీ ఒక్కసారిగా కాక, మాటల మధ్య కొంచెం కొంచెంగా జరుగుతుంది. అందువల్ల ఈ సమాచార రక్షణ చరిత్రను చట్టాలతో కాక సంభాషణల స్వభావంతో మొదలుపెట్టడం సముచితం.

2. మారుపేరు - ఒక ఆచారం:

1973లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థపై డగ్ బ్రౌన్, డేవిడ్ వూలీ 'టాకోమాటిక్' అనే కార్యక్రమాన్ని రూపొందించారు. పలువురు ఒకేసారి టైపు చేస్తూ మాట్లాడుకొనే అవకాశం దీనితో కలిగింది. 1980లో కంప్యూసర్వ్ సంస్థ 'సీబీ సిమ్యులేటర్' పేరుతో ఇలాంటి సదుపాయాన్ని తన చందాదారులకు అందించింది. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్ రేడియో. అమెరికా రహదారులపై లారీ డ్రైవర్లు ఎక్కువగా వాడిన ఈ రేడియోలో అసలు పేరుకు బదులు మారుపేరు చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీ రేడియో నుంచి కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ రూపొందించిన ఐఆర్‌సీలో అది 'నిక్' అయింది.

తెలుగు సాహిత్యానికి కలంపేరు కొత్తది కాదు. అయితే కలంపేరు రచయితకు స్థిరమైన గుర్తింపు తెస్తుంది. కాలక్రమంలో అసలు పేరునే మరపిస్తుంది. చాట్‌లోని మారుపేరు ఇందుకు భిన్నం. అవసరం తీరాక దాన్ని వదిలేయవచ్చు. దానికి గతం ఉండనక్కరలేదు. అపరిచితుల నడుమ అది రక్షణగా పనిచేయడానికి కారణం ఈ అస్థిరతే.

3. మారుపేరు పరిమితులు:

ఈ రక్షణ మొదటినుంచీ అసంపూర్ణమే. ఐఆర్‌సీలో మారుపేరు వెనుక ఉన్న కంప్యూటర్ నెట్‌వర్క్ చిరునామాను ఒక చిన్న ఆదేశంతో ఇతరులు చూడగలిగేవారు. రెండవ పరిమితి మధ్యవర్తికి సంబంధించినది. ఫిన్లాండ్‌లో యోహాన్ హెల్సింగియస్ 1993లో ప్రారంభించిన అనామక ఉత్తరాల సేవ, పంపినవారి చిరునామాను తొలగించి సందేశాలను చేరవేసేది. 1995లో చర్చ్ ఆఫ్ సైంటాలజీ ఫిర్యాదుపై పోలీసులు జోక్యం చేసుకోవడంతో ఒక వినియోగదారు వివరాలను వెల్లడించక తప్పలేదు. 1996లో ఆయన ఆ సేవనే మూసివేశారు. మారుపేరుకూ అసలు పేరుకూ గల సంబంధం ఎక్కడో ఒకచోట నమోదై ఉంటే, ఆ చోటు మీద ఒత్తిడి రాకమానదని ఈ ఉదంతం చెబుతుంది.

మూడవ పరిమితి సంభాషణలోనే ఉంది. 1990లలో చాట్‌గదుల్లో పలకరింపుగా స్థిరపడిన ప్రశ్న 'ఏఎస్ఎల్'. అంటే వయసు, లింగం, ఊరు. పేరు అడగని ఈ ప్రశ్న మర్యాదగానే కనిపిస్తుంది. అయితే అమెరికన్ పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లో చేసిన అధ్యయనం, పుట్టినతేదీ, లింగం, ఐదంకెల జిప్ కోడ్ అనే మూడు వివరాలు కలిస్తే ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించే అవకాశం ఉందని అంచనా వేసింది. చాట్‌లో అడిగే వయసు, ఊరు ఇంత కచ్చితమైనవి కావు. కాని సంభాషణ సాగేకొద్దీ వయసు పుట్టినరోజుగా, ఊరు వీధిగా, చదువు ఫలానా కళాశాలగా మారుతాయి. విడివిడిగా హాని లేని వివరాలు కలిసినప్పుడు మారుపేరు నిష్ప్రయోజనమవుతుంది.

4. భారతీయ అనుభవం:

భారతదేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించింది. తరువాతి దశాబ్దంలో ఇంటర్నెట్ కేంద్రాలు నగరాల నుంచి చిన్న పట్టణాలకు విస్తరించాయి. ఇంట్లో కంప్యూటర్ లేని యువతరం అపరిచితులతో మాట్లాడింది ఈ అద్దె కంప్యూటర్ల మీదనే.

2001 ప్రాంతంలో ఢిల్లీ పోలీసుల ముందుకు వచ్చిన ఒక కేసు ఈ దశకు ముఖ్యమైన సాక్ష్యం. ఒక వ్యక్తి చాట్‌లో ఒక మహిళ పేరుతో అసభ్యంగా సంభాషిస్తూ, ఆమె ఇంటి ఫోన్ నంబరును అపరిచితులకు అందించాడు. దానితో ఆమెకు వేళకాని వేళల్లో ఫోన్లు వచ్చాయి. వెంటాడి వేధించడాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించే నిబంధన అప్పటి సమాచార సాంకేతిక చట్టంలో లేదు. అందువల్ల భారతీయ శిక్షాస్మృతిలోని 509వ సెక్షన్ కింద కేసు నమోదైంది. ఈ కేసులో నంబరును అపరిచితులకు అందించింది బాధితురాలు కాదన్నది గమనించవలసిన విషయం. ఒకరు పాటించే జాగ్రత్త, వారి వివరాలు తెలిసిన మరొకరి దురుద్దేశం ముందు సరిపోదు.

5. ఫోన్ నంబరే గుర్తింపు:

2009లో వచ్చిన వాట్సాప్‌లో గుర్తింపు మారుపేరు కాదు, ఫోన్ నంబరు. తెలిసినవారి మధ్య ఇది సౌకర్యం. అయితే గుంపులు పెరిగి, వాటిలో అపరిచితులు చేరేసరికి, మాట కలపకముందే నంబరు అందరికీ చేరే పరిస్థితి ఏర్పడింది. భారతదేశంలో అదే నంబరు బ్యాంకు ఖాతాకు, 2016 తరువాత యూపీఐ చెల్లింపులకు ఆధారమైంది. మారుపేరును వదిలేసినట్లు ఫోన్ నంబరును వదిలేయలేము. వాట్సాప్ 2016లో సందేశాలన్నిటికీ పూర్తి సంకేతీకరణను అమలు చేసింది. ఇది మూడవ వ్యక్తి చదవకుండా కాపాడుతుంది. ఎదుటనున్న అపరిచితుని నుంచి కాపాడదు. 2024లో సిగ్నల్ యాప్ నంబరును దాచి, వినియోగదారు పేరుతో మాట్లాడే వీలు కల్పించింది. పాత ఆచారపు అవసరం తీరలేదనడానికి ఇది నిదర్శనం.

6. చట్టాలు - మిగిలిన ఖాళీ:

2008 సవరణ ద్వారా సమాచార సాంకేతిక చట్టంలో గుర్తింపు చౌర్యానికి 66సీ, కంప్యూటర్ ద్వారా మారువేషంతో మోసగించడానికి 66డీ సెక్షన్లు చేరాయి. 2013లో శిక్షాస్మృతిలో చేరిన 354డీ సెక్షన్, స్త్రీలను ఆన్‌లైన్‌లో వెంటాడటాన్ని నేరం చేసింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది.

అయితే ఈ చివరి చట్టంలోని 3వ సెక్షన్ గమనార్హం. ఒక వ్యక్తి తన సొంత లేదా గృహ అవసరానికి వాడుకొనే సమాచారానికి, సంబంధిత వ్యక్తే స్వయంగా బహిరంగపరచిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. చట్టం చూపు ప్రధానంగా సంస్థల మీద ఉంది. మాటల్లో పెట్టి వివరాలు రాబట్టే అపరిచితుడు నేరానికి దిగేవరకు దాదాపు దాని పరిధికి వెలుపలే ఉంటాడు.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- అపరిచితులతో సంభాషణలో మారుపేరు తొలి రక్షణ. దాని బలం వదిలేయగలగడంలో ఉంది.
- పేరు చెప్పకపోయినా, చిన్నచిన్న వివరాల కలయిక వ్యక్తిని పట్టిస్తుంది.
- ఫోన్ నంబరు గుర్తింపుగా మారడంతో, పరిచయానికీ ఆస్తికీ ఒకే తాళంచెవి అయింది.
- చట్టం ఎక్కువగా హాని జరిగాక పలుకుతుంది. అంతకుముందు రక్షణ, ఏ వివరాన్ని ఎవరికి ఎప్పుడు చెప్పాలన్న వ్యక్తి విచక్షణపైనే ఆధారపడి ఉంది.

ఆ విచక్షణను బాధితులను తప్పుపట్టడానికి ఆధారం చేసుకోరాదు. ఢిల్లీ కేసు చెప్పే పాఠం అదే. నంబరు ఇవ్వకుండా మాట్లాడే వీలు ప్రతి వేదికలోనూ ఉండాలని కోరడం, ఇతరుల వివరాలను వారి అనుమతి లేకుండా మూడవ వ్యక్తికి ఇవ్వకపోవడం సమాజం నేర్చుకోవలసిన మర్యాదలు. గుట్టును కాపాడే బాధ్యత, అది ఎవరి గుట్టో వారిదే కాదు. అది తెలిసిన ప్రతివారిదీ.