వేట చీతా, ఇంటి చీతా

సిరియాలో ఒరాంటిస్ నది ఒడ్డున షైజర్ అనే కోట ఉన్నది. ఆ కోటను ఏలిన వంశంలో పుట్టిన ఉసామా బిన్ మున్ఖిజ్ (1095–1188) తన స్మృతిగ్రంథమైన ‘కితాబుల్ ఇఅతిబార్’లో తండ్రి పెంచిన ఒక చీతాను గురించి వ్రాశాడు. వేట ముగిసిన తర్వాత అది ఇంటిలోనికి వచ్చి తన కోసం పరచిన పక్కమీద పడుకొనేది. దాని సంరక్షణకు నియమింపబడిన దాసి దానిని గోడకు దిగగొట్టిన ఇనుప కొక్కేనికి కట్టేది. అదే ముంగిట జింకలు, పొట్టేళ్లు, మేకలు తిరుగుతుండేవి. బయట జింకను వెంటాడి పట్టే ఆ మృగం ఇంటి జింకల జోలికి పోయేది కాదు. ఒకనాడు పక్క తడిపినందుకు దాసి కొట్టినప్పటికీ అది ఆమెను ఏమీ చేయలేదట.

(తెలుగులో చీతాను చిరుతపులితో కలిపి చెప్పడం పరిపాటి. రెండూ వేరు జంతువులు. చిరుత ఈ విధంగా లొంగేది కాదు.)

ఇటువంటి కథనాలను చూచి, “మన పూర్వులు పెంచారు కదా, నేడు నిషేధమెందుకు?” అని అడిగేవారున్నారు. గల్ఫ్ దేశాలలో వన్యమృగాల పెంపకంపై ఆంక్షలు వచ్చిన తర్వాత ఈ ప్రశ్నకు బలం చేకూరింది. ఇది తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. దివ్య ఖుర్‌ఆన్ మాయిదా సూరా 4వ ఆయతు శిక్షణ పొందిన వేట జంతువులు పట్టిన దానిని ధర్మసమ్మతం చేసింది. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకొన్న పిట్టను గురించి దైవప్రవక్త (సల్లం) ఆప్యాయంగా పలుకరించిన ఉదంతం హదీసులలో ఉన్నది. పక్షిని పెంచుకొనవచ్చునని పండితులు దానినుండే గ్రహించారు.

అయితే అనుమతి ప్రక్కనే షరతు కూడా ఉన్నది. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానుగా వెతుక్కొని తిననీయక చంపిన స్త్రీ శిక్షకు గురైనదని బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ ఉల్లేఖించాయి. యజమాని పోషించనిచో జంతువును అమ్మించే అధికారం ఖాజీకి ఉన్నదని షాఫిఈ, హంబలీ ధర్మవేత్తలు చెప్పారు. వేటకు పనికిరాని క్రూరమృగాల క్రయవిక్రయాలను పలువురు ఆమోదించనేలేదు. చీతాకు లభించిన అనుమతి వేట అనే ప్రయోజనంతో ముడిపడినది. అలంకారం కోసం కాదు.

చరిత్ర చెప్పే మరొక సంగతి ఇంతకంటె గంభీరమైనది. అక్బరు వెయ్యి చీతాలను సేకరించి, అవి జతకట్టాలని ఎంతో ఆశించినా ఫలించలేదని ఆయన కుమారుడు జహంగీరు తన ‘తుజుక్’లో వ్రాశాడు. జహంగీరు కాలంలో, 1613లో, ఒక మగ చీతా మెడపట్టీ తెంచుకొని ఆడదానిని చేరగా మూడు పిల్లలు పుట్టాయి. పాదుషా దీనిని ఒక వింతగా నమోదు చేశాడు. నిర్బంధంలో చీతా ఈనినట్లు మళ్లీ తెలిసినది 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో. దీని అర్థమేమి? షైజర్ ముంగిట పడుకొన్నదీ, మొగలుల వేటబండ్లపై ఊరేగినవీ అడవినుండి పట్టి తెచ్చినవే. ఇంట పుట్టి ఇంట పెరిగిన వంశం వాటికి లేదు. పట్టివేతకు తోడు తుపాకులు, సాగుభూముల విస్తరణ కలిసి భారతదేశంలో చీతాను తుడిచివేశాయి. 1952లో అది అంతరించినట్లు ప్రకటించబడింది. 2022లో కూనో అడవికి వచ్చినవి నమీబియానుండి తెచ్చినవి.

గల్ఫ్‌లోని ఇంటి చీతాల కథ కూడా ఇంతే. 1975 నుండి అడవి చీతాల వాణిజ్యాన్ని అంతర్జాతీయ ఒప్పందం నిషేధించినా, ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలో తల్లులనుండి వేరుచేసిన పిల్లలు దొంగచాటుగా సముద్రం దాటుతూ వచ్చాయి. వాటిలో అనేకం దారిలోనే చనిపోతాయి. తల్లివద్ద వేట నేర్వనందున, పట్టుబడి విడుదలైనవాటిని కూడా తిరిగి అడవికి పంపడం దుస్సాధ్యం.

అరబ్ ఎమిరేట్లలో షార్జా 2014లో ముందుగా నిషేధం విధించింది. 2016 నాటి 22వ సమాఖ్య చట్టం దానిని దేశమంతటికీ వర్తింపజేసింది. జంతుప్రదర్శనశాలలు, వన్యమృగ ఉద్యానాలు, సర్కస్‌లు, పరిశోధన, సంతానోత్పత్తి కేంద్రాలు తప్ప ఎవరూ ఇటువంటి మృగాలను ఉంచరాదు. వాటిని వీధిలో త్రిప్పినవారికి ఆరు మాసాల వరకు ఖైదు, 10,000 నుండి 5,00,000 దిర్హములవరకు జరిమానా. అదే చట్టం పెంపుడు కుక్కలకు సైతం లైసెన్సు, టీకాలు, మెడతాడు తప్పనిసరి చేసింది.