పెద్ద లాంచీనా, చిన్న స్పీడ్‌బోటా: జూరాల, శ్రీశైలం వెనుక జలాల్లో విహార మరబోటు ఎంపిక

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో విహార మరబోటు తిరగగల కృష్ణా నీళ్లు ప్రధానంగా రెండు. గద్వాల, వనపర్తి జిల్లాల నడుమ ఉన్న జూరాల జలాశయం 10 టీఎంసీలకు లోపే పడుతుంది. దిగువన శ్రీశైలం జలాశయం 200 టీఎంసీలకు పైబడినది. దాని వెనుక జలాలు కొల్లాపూర్ ప్రాంతంలోని జటప్రోలు, సోమశిల, అమరగిరి ఒడ్డులను తాకుతాయి. ఎంతమంది ఎక్కుతారో లెక్కేసి బోటు కొనడం మామూలు పద్ధతి. ఈ నీళ్లలో మాత్రం ముందు చూడాల్సింది నీటిమట్టం, ఆ తర్వాతే జనం.

నీళ్లు తగ్గినప్పుడు

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. వరదకు నిండిన జలాశయం సాగుకు, తాగునీటికి, కరెంటుకు వదిలే కొద్దీ ఎండాకాలానికి పదుల అడుగులు దిగిపోతుంది. ఆంధ్ర ఒడ్డున ఉన్న సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగే ఉండి, అప్పుడే బయటపడుతుంది. ఒడ్డు వాలు తక్కువగా ఉన్నచోట మట్టం కొద్దిగా తగ్గినా నీటి అంచు చాలా దూరం జరుగుతుంది. నిండుగా ఉన్నప్పుడు కట్టిన రేవు అప్పుడు బురద మధ్యలో మిగులుతుంది. పెద్ద లాంచీకి లోతు, నీటితో పాటు దిగే తేలే రేవు రెండూ కావాలి. పదహారు, ఇరవై అడుగుల బోటుకు ఆ చిక్కు లేదు: మోటారు పైకి లేపి ఒడ్డుకు ఆనించవచ్చు, ట్రైలర్ మీద ట్రాక్టరుతో లాగి ఇంకోచోట దించవచ్చు.

ఈ జలాశయం కింద ఊళ్లే మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించి మళ్లీ కట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లనూ ఎత్తుకు చేర్చారు. ఇలాంటి ముంపు నేలలో మట్టం తగ్గితే బండలు, పాత గోడలు, చెట్ల మొదళ్లు ప్రొపెల్లర్‌కు తగులుతాయి. పైగా చేపల వలలు. పుట్టి మీద తిరిగే స్థానిక జాలరిని తోడు తీసుకెళ్లడం ఏ పరికరం కన్నా మేలు.

వేగం, బరువు

లాంచీ నీటిని చీల్చుకుంటూ పోతుంది. దాని వేగానికి నీటిని తాకే పొడవే హద్దు: 49 అడుగులుంటే గంటకు సుమారు 17 కిలోమీటర్లు. అంతకు మించి ఇంజను పెంచితే డీజిల్ ఖర్చే ఎక్కువ. స్పీడ్‌బోటు వేగం పుంజుకోగానే నీటిపైకి లేచి జారుతుంది. అయితే మోయాల్సిన దానికన్నా ఇద్దరు ఎక్కువైనా అది లేవలేక, అంచు నీటికి దగ్గరై, చిన్న అలకే నీళ్లు లోపలికి తెచ్చుకుంటుంది.

సోమశిల నుంచి శ్రీశైలం దాకా నల్లమల కొండల మధ్య సాగే పూటల తరబడి ప్రయాణానికి లాంచీయే సరి. నీడ, తాగునీరు, మరుగుదొడ్డి లేకుండా పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ దారి పట్టకూడదు. ఆ మార్గంలో తెలంగాణ పర్యాటక శాఖ 2024లో లాంచీ నడపడం మొదలుపెట్టింది. ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లాలనుకునే కుటుంబానికి సొంత లాంచీ దండగ. టికెట్టు కొనుక్కుంటే చాలు.

భద్రత

పెద్దదైతే భద్రమన్న నమ్మకం ప్రమాదకరం. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు వద్ద మునిగి ఎందరినో బలిగొన్నది పెద్ద విహార బోటే. పై అంతస్తులో జనం ఒక్కసారిగా ఒక పక్కకు చేరితే బోటు బరువు మధ్యబిందువు పైకీ, పక్కకూ జరుగుతుంది. వరద ఉధృతిలో దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. ఎత్తైన గదులకు గాలి కూడా బాగా తగులుతుంది. ఎండాకాలపు గాలిదుమారంలో లాంచీని రేవుకు చేర్చడానికి అనుభవమున్న సరంగు ఉండాలి. మరబోట్ల రిజిస్ట్రేషన్, తనిఖీ, నడిపేవారి అర్హత పత్రాలు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం పరిధిలోకి వస్తాయి.

జూరాలలో ఒక పూట షికారుకు చిన్న బోటే తగినది. అందరికీ లైఫ్ జాకెట్లు వేయాలి. వరద రోజుల్లో మాత్రం దాన్ని నీటిలోకి దించకూడదు. గేట్లు ఎత్తినప్పుడు అటువైపు లాగే ప్రవాహానికి చిన్న మోటారు ఎదురు నిలవలేదు.