యూక్లిడు వాదము – ప్రధాన సంఖ్యల రాక

ప్రధాన సంఖ్యలకు అంతము లేదని క్రీ. పూ. 300 ప్రాంతమున యూక్లిడు నిరూపించెను. కొన్ని ప్రధాన సంఖ్యలను గుణించి, లబ్ధమునకు 1 చేర్చినచో, వచ్చిన సంఖ్యను వానిలో నేదియు నిశ్శేషముగా భాగింపజాలదు. కావున క్రొత్త ప్రధాన సంఖ్య యొకటి దానిని భాగించి తీరవలెను.

1963లో అమెరికా గణితజ్ఞుడు ఆల్బర్టు మల్లిన్ ఈ వాదమునే యొక వరుసగా మలచెను. 2తో ఆరంభించి, ప్రతిమారును లభించు కనిష్ఠ ప్రధాన కారణాంకమును చేర్చుచు పోయినచో 2, 3, 7, 43, 13, 53, 5 అని వరుస సాగును. 43 తరువాత లభించు 1807, 13 × 139 గనుక 13 వచ్చినది. మిక్కిలి చిన్నదైన 5 ఏడవ స్థానమున గాని కానరాదు. ప్రధాన సంఖ్యలన్నియు ఎప్పటికైనను ఇందు చేరునా యనునదే మల్లిన్ ప్రశ్న.

గరిష్ఠ కారణాంకమునే గైకొన్నచో 5 ఎన్నడును రాదు. 2, 3 ముందే వచ్చియుండుటచే, 5 గరిష్ఠమగుటకు ఆ సంఖ్య 5 యొక్క ఘాతమే కావలెను. అట్టి ఘాతమునుండి 1 తీసివేసినచో మిగిలినది 4చే భాగింపబడును. లబ్ధమునందన్ననో 2 ఒక్కమారే యున్నది. 1968లో కాక్స్, వాన్ డెర్ పోర్టెన్ అను వారు ఇట్లే రాని సంఖ్యలను మరికొన్నిటిని చూపిరి. అట్టివి అనంతములని 2012లో ఆండ్రూ బుకర్ నిరూపించెను.

కనిష్ఠ వరుస సంగతి మాత్రము తేలలేదు. దాని తొలి 51 పదములలో 41 లేదు. ప్రధాన సంఖ్యలు అనంతములని చాటిన వాదమే, వానిలో ప్రతియొకటియు తన వరుసకు వచ్చునో రాదో చెప్పజాలకున్నది.