ఇంకుడు గుంత (గృహోపయోగ జలము)

స్నానమునకును, పాత్రలు తోముటకును, బట్టలుతుకుటకును వాడిన నీరు వీధిలోనికి పాఱి, మడుగు కట్టి దోమలకు నెలవు గాకుండ, పెరటిలోనే భూమిలోనికి దిగునట్లు త్రవ్వి, అడుగున పెద్దరాళ్లును, నడుమ ఇటుక ముక్కలును, పైన కంకరయు నింపిన గోతికి ఈ పేరు చెల్లును. సామాన్య కుటుంబమునకు పొడవు, వెడల్పు, లోతు మీటరేసి చొప్పున నున్న గుంత చాలును. గుంతకంటె ముఖ్యమైనదియు, మనవారు తఱచుగా ఉపేక్షించునదియు దాని ముందుండు చిన్న తొట్టి: అన్నపు మెతుకులు, జిడ్డు, ఇసుక అందు నిలిచిపోయి తేటనీరు మాత్రమే ముందునకు సాగును, ఆ తొట్టిని అప్పుడప్పుడు ఎత్తి శుభ్రపఱుపనిచో రాళ్ల సందులు పూడి, గుంత యచిరకాలముననే పొంగిపొర్లును. ఇసుక నేలలో నీరు వేగముగ నింకును. నల్లరేగడి వానకాలమున ఉబ్బి నీటిని గ్రహింపదు గనుక, అచ్చట అరటి, చేమ, మెట్టతామర పాదులకు మళ్లించుటయే మేలు. జాలాది నీరు పెరటి అరటికి పాఱించుట మన ముత్తవ్వ లెఱిగిన యుపాయమే గదా! మరుగుదొడ్డి నీటిని గుంతలో విడువరాదు. గుంత త్రాగునీటి బావికి దూరముగాను, భూగర్భజలమట్టమునకు తగినంత యెత్తునను ఉండవలెను. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) ఉద్దేశించిన ఇంకుడు గుంతలు వేఱు, అవి వాననీటి గుంతలు. వానిలోనికి సబ్బునీటిని మళ్లింపరాదు.