చెట్టును బట్టి పిట్ట: అడయారు తోట చరిత్ర

మద్రాసులో అడయారు ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, వాగు ఒడ్డున తొల్కాప్పియ పూంగా అనే తోట ఉంది. విస్తీర్ణం 58 ఎకరాలు. 2011 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి ప్రారంభించారు. పార్కు అనగానే మనకు ఉయ్యాలలు, కత్తిరించిన గడ్డి, క్రోటన్ మొక్కలు గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. ముందు పక్షులు, చేపలు, సీతాకోకచిలుకలు, ఆ తర్వాతే మనుషులు.

ఆ పేరులోనే సగం చరిత్ర ఉంది. తమిళంలో మనకు దొరికిన వ్యాకరణాల్లో తొల్కాప్పియం అన్నిటికన్నా పాతది. వ్యాకరణానికీ తోటకీ ఏం సంబంధం అంటారా? అందులోని పొరుళదికారం నేలను కొండ, అడవి, పొలం, సముద్రతీరం అని విడదీస్తుంది. వాటికి కురింజి, ముల్లై, మరుదం, నెయ్‌దల్ అని మొక్కల పేర్లే పెట్టారు. ముల్లై అంటే మన మొల్ల లాంటి పువ్వు, నెయ్‌దల్ కలువ. ప్రతి నేలకీ దాని దేవుడు, తిండి, జంతువు, చెట్టు, పక్షి, వాద్యం, పని ఉంటాయని చెప్పారు. చెట్టును ఒక పుస్తకంలో, పిట్టను ఇంకో పుస్తకంలో చదివే మనకంటే వాళ్ళే నయం అనిపిస్తుంది నాకు.

తర్వాత వచ్చినవాళ్ళు ఈ లెక్క మర్చిపోయారు. 1870లలో వంటచెరకు కోసం బ్రిటిష్ అటవీ అధికారులు అమెరికా ఖండం నుంచి ఒక తుమ్మను తెప్పించారు. అదే సర్కారు తుమ్మ, తమిళంలో సీమై కరువేలం. అది పొయ్యిలోకి పనికొచ్చింది, నిజమే. కానీ చెరువు గర్భాలు, వాగుల ఒడ్లు ఆక్రమించి, తన కింద మన మొక్కల్ని సరిగా లేవనివ్వదు. పక్కనే ఉన్న గిండి అడవి సంగతి ఇంకొకటి. 1910లో 505 హెక్టార్లు రిజర్వు అడవిగా ప్రకటించారు. తర్వాత విద్యాసంస్థలకు, స్మారకాలకు ముక్కలు ఇస్తూ పోయారు. 1978లో జాతీయ పార్కు అయ్యేసరికి మిగిలింది సుమారు 270 హెక్టార్లు.

అడయారు వాగులోనూ చెత్త, కూల్చిన ఇళ్ళ మట్టి పోశారు. దాన్ని కాపాడమని ఊరివాళ్ళు కోర్టు దాకా వెళ్ళారు. చివరికి చెత్త తీసి, గుంటలు తవ్వి, అలల నీరు వచ్చే చోట మడ మొక్కలు, మెరక మీద ఈ తీరపు అడవి మొక్కలు నాటారు. మడ వేళ్ళ మధ్య చేపపిల్లలు, పీతలు దాక్కుంటాయి. వాటికోసం కొంగలు వస్తాయి.

కలిపి నాటడంలో కిటుకు ఇదే: ఒక్కో చెట్టు ఒక్కో ప్రాణికి ఇల్లు. తాటి మట్టల కింద తాటి పిచ్చుక గూడు అంటిస్తుంది, మట్టల కొసల నుంచి గిజిగాడు గూళ్ళు వేలాడతాయి. మేడి, మర్రి పండితే కోకిలలు వాలతాయి. కరివేపాకు మీద ఒక రకం సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. ఈశ్వరి తీగ మీద ఇంకొకటి పెడుతుంది, ఆ తీగ లేకపోతే అది పెరగదు. మనం పీకి పారేసే జిల్లేడు కూడా నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక పిల్లలకు తిండి.

2016 డిసెంబరులో వార్దా తుపాను వచ్చినప్పుడు పడిపోయినవాటిలో గుల్మొహర్లు చాలా ఎక్కువని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. గుల్మొహర్ మడగాస్కర్ చెట్టు. అందమైనదే, కాదనను.

వచ్చే అక్టోబరు వానలకు మా బడి ప్రహరీ వెంట నాటడానికి జాబితా రాస్తున్నారు. గుల్మొహర్ అందులో అప్పటికే ఉంది. మేము కానుగ, గంగరావి, నేరేడు, కరివేపాకు చేర్చాం. పుంగన్, పూవరసు, నావల్ అంటే వెంటనే తెలిసినవాళ్ళకి కూడా వాటి తెలుగు పేర్లు చెప్పాల్సి వచ్చింది. చివర్లో జిల్లేడు రాస్తే క్లాసంతా నవ్వింది. ఇంకా ఎవరూ కొట్టేయలేదు.