పండుకు విమానం.. గుజ్జుకు ఓడ

చిత్తూరు: జిల్లా మామిడి విదేశాలకు రెండు దారుల్లో వెళుతోంది. బేనీషా పండు అట్టపెట్టెల్లో విమానం ఎక్కుతుండగా, తోతాపురి కాయ కర్మాగారంలో గుజ్జుగా మారి డ్రమ్ముల్లో ఓడ ఎక్కుతోంది. పండు రెండు మూడు రోజుల్లో కొనుగోలుదారుని చేతికి చేరుతుంది. గుజ్జుకు నెల, ఒక్కోసారి నెలన్నర కూడా పట్టవచ్చు. ఎగుమతి రంగంలోకి కొత్తగా అడుగుపెట్టే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, చిన్న వ్యాపారులు మొదట అడిగే ప్రశ్న 'కిలోకు ఎంత?' అన్నదే. విమాన చార్జీ సాధారణంగా ఓడ చార్జీకి పది రెట్లకు పైగా ఉంటుంది కనుక చాలామంది నిర్ణయం అక్కడితోనే ముగిసిపోతోంది. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. సరుకు ఎన్నాళ్లు ఆగగలదు? దానిపై పెట్టిన సొమ్ము ఎన్నాళ్లు ఆగగలదు?

కోసిన నాటి నుంచే గడువు

పక్వానికి వచ్చిన బేనీషా కాయను కోస్తే మామూలు వేడిలో వారం, పది రోజుల్లో పండిపోతుంది. 12, 13 డిగ్రీల చల్లదనంలో ఉంచితే మరికొంత కాలం ఆగుతుంది. ఇంకా చల్లబరిస్తే ఎక్కువ రోజులు నిలుస్తుందని భావించడం పొరపాటు. అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో తొక్కపై మచ్చలు పడి, కాయ సరిగా పండదు, రుచీ రాదు. ఈ కొద్ది రోజుల్లోనే గ్రేడింగు, వేడినీటి లేదా ఆవిరి శుద్ధి, మొక్కల క్వారంటైన్ అధికారుల తనిఖీ అన్నీ ముగియాలి. అమెరికాకైతే లాసల్‌గావ్ వంటి అనుమతి పొందిన కేంద్రాల్లో రేడియేషన్ శుద్ధి తప్పనిసరి. ఆ షరతుతోనే 2007లో అమెరికా మన మామిడికి తలుపు తెరిచింది. పండు ఈగ కనిపించిందన్న కారణంతో 2014 మేలో ఐరోపా సమాఖ్య మన మామిడిని నిషేధించి, 2015 జనవరిలో గానీ సడలించలేదు. శుద్ధిలో రెండు రోజులు మిగుల్చుకుందామనే ఆలోచన ఎవరికీ రాకూడదనడానికి ఆ అనుభవమే చాలు.

పండు ఓడలో వెళ్లనే వెళ్లదని కాదు. 2022లో మహారాష్ట్ర నుంచి ప్రయోగాత్మకంగా శీతల కంటెయినర్‌లో పంపిన కేసర్ మామిడి 25 రోజుల్లో అమెరికాలోని నెవార్క్ రేవుకు చేరింది. దుబాయ్ వంటి దగ్గరి రేవులకు సముద్ర మార్గం ఇంకా సులువు. అయితే కంటెయినర్‌కు సరిపడా ఒకే పక్వంలో ఉన్న కాయ ఒకేసారి దొరకాలి. కోత నుంచి ఓడ ఎక్కే వరకు చల్లదనం ఎక్కడా తెగకూడదు. ఒక్క పెట్టెలో ముందుగా పండిన కాయ విడిచే ఇథిలీన్ వాయువు మిగతా పెట్టెలను కూడా పండిస్తుంది. ఈ ఏర్పాటు లేనివారు పండును విమానానికే అప్పగించడం మేలు. చిత్తూరుకు ఒకవైపు చెన్నై, మరోవైపు బెంగళూరు విమానాశ్రయాలు కొన్ని గంటల దూరంలోనే ఉండటం కలిసివచ్చే అంశం.

గుజ్జుకు ఈ తొందర లేదు. క్రిమిరహితంగా సంచుల్లో నింపిన గుజ్జు శీతలీకరణ లేకుండానే ఏడాదికి పైగా నిల్వ ఉంటుంది. సుమారు 215 కిలోల డ్రమ్ములు ఎనభై వరకు ఒక ఇరవై అడుగుల కంటెయినర్‌లో పడతాయి. అంటే 17 టన్నులు దాటిన బరువు. దీన్ని విమానంలో పంపాలంటే చార్జీ ముందు సరుకు ధర చిన్నబోతుంది.

వడ్డీ చెప్పే లెక్క

ప్రయాణ కాలంలో సొమ్ము ఆగిపోతుందన్నది అందరూ అంగీకరించే మాటే అయినా, దానికి లెక్క కట్టేవారు తక్కువ. కంటెయినర్‌లోని గుజ్జు విలువ రూ.12 లక్షలనీ, బ్యాంకు వడ్డీ 12 శాతమనీ, ఓడకు 35 రోజులు, విమానానికి 3 రోజులనీ అనుకుందాం. 32 రోజుల తేడాకు వడ్డీ సుమారు రూ.12,600. కిలోకు ముప్పావలా కూడా పడదు. ఆ ముప్పావలాకు భయపడి విమానం ఎక్కించేవారు ఉండరు. అదే టన్ను బరువుండి రూ.2 కోట్ల విలువ చేసే మందులకు అవే 32 రోజుల వడ్డీ రూ.2.10 లక్షలు, అంటే కిలోకు రూ.210 అవుతుంది. ఇక్కడ చార్జీల తేడాలో కొంత భాగాన్ని వడ్డీయే పూడుస్తుంది. హైదరాబాద్‌లో తయారయ్యే ఖరీదైన మందులు శంషాబాద్ నుంచి విమానాల్లో వెళ్లడానికి ఉష్ణోగ్రత నియంత్రణతో పాటు ఇదీ ఒక కారణం.

గుజ్జు ఆగగలదు కదా అని ఎంతకాలమైనా ఆపవచ్చునని కాదు. 2025 సీజనులో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు, అంతకు ముందటి ఏడాది గుజ్జు గోదాముల్లో మిగిలిపోవడం ఒక కారణమని పరిశ్రమ వర్గాలు చెప్పాయి. కర్మాగారాలు కిలోకు రూ.8, ప్రభుత్వం రూ.4 చొప్పున మొత్తం రూ.12 రైతుకు అందేలా అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం ధర నిర్ణయించవలసి వచ్చింది. రేవులో కదలని డ్రమ్ము భారం చివరకు చెట్టు కింద నిలుచున్న రైతుపైనే పడింది.

దారి మళ్లిన ఓడలు

చెన్నై నుంచి ఐరోపాకు దగ్గరి దారి ఎర్ర సముద్రం, సూయజ్ కాలువ. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హూతీలు నౌకలపై దాడులు మొదలుపెట్టడంతో 2024, 2025 సంవత్సరాల్లో పెద్ద నౌకా సంస్థలు చాలా వరకు ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లాయి. దీంతో ప్రయాణం పది రోజుల నుంచి రెండు వారాల వరకు పెరిగింది. చార్జీలూ పెరిగాయి. మన గుజ్జు వెళ్లే దేశాల్లో సౌదీ అరేబియా, యెమెన్ ఉన్నాయి. జెడ్డా, హొదైదా రేవులు ఎర్ర సముద్రం ఒడ్డునే ఉన్నందున వాటికి చుట్టు దారి కూడా సులభం కాదు. అంతకు ముందు 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఒక్క ఓడ అడ్డం తిరిగి సూయజ్ కాలువను ఆరు రోజులు మూసివేసింది.

విమానమైతే నిశ్చింత అనుకోవడానికీ లేదు. విమాన సరుకులో పెద్ద భాగం ప్రయాణికుల విమానాల అడుగు అరల్లోనే వెళుతుంది. 2020 మార్చిలో అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆగిపోయినప్పుడు మామిడి సీజను ముంగిట ఆ చోటు ఒక్కసారిగా మాయమైంది.

బరువు కాదు, చోటుకు చార్జీ

విమాన సంస్థలు అసలు బరువును, పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టిన బరువును పోల్చి, ఏది ఎక్కువైతే దానికే చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి 6,000తో భాగిస్తే చోటు బరువు వస్తుంది. 60, 45, 45 సెంటీమీటర్ల పెట్టెలో 12 కిలోల బొమ్మలు సర్దితే చార్జీ 12 కిలోలకు కాదు, సుమారు 20 కిలోలకు పడుతుంది. అమెరికాలోని పిల్లలకు సున్నుండలు, ఆవకాయ పంపే ఇళ్లకూ ఈ లెక్క వర్తిస్తుంది. పెద్ద కొరియర్ సంస్థలు సాధారణంగా 5,000తోనే భాగిస్తాయి కనుక అదే పెట్టె 24 కిలోలు దాటుతుంది. మామిడి పండు బరువైన సరుకు కావడంతో ఈ తిరకాసు దానికి తగలదు.

కంటెయినర్ నిండనివారు ఇతరులతో కలిసి చోటు పంచుకోవచ్చు. అక్కడ ఒక ఘనమీటరును ఒక టన్నుగా లెక్కించి, ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. సరుకు అతి తక్కువగా ఉంటే రేవు ఖర్చులు, పత్రాల రుసుములు, గోదాము చార్జీలు కలిపి అసలు ఓడ చార్జీని మించిపోవడమూ కద్దు. పక్కన ఏ సరుకు ఉందో కూడా విచారించుకోవాలి. కారప్పొడి పక్కన కూర్చున్న బట్టల మూట వాసన పట్టకుండా ఉండదు. మొత్తం కంటెయినర్ తీసుకునేవారు 2016 జులై 1 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ నిబంధన ప్రకారం నింపిన కంటెయినర్ మొత్తం బరువును తూచి ధ్రువీకరించాలి. అది లేకుంటే ఓడలోకి ఎక్కించరు. కంటెయినర్‌ను ఉచిత గడువు దాటి అట్టిపెట్టుకుంటే రోజువారీ అద్దె పడుతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడే ఆ గడువు ఎన్ని రోజులో రాయించుకోవాలి.

కాగితంలో అసలు తేడా

కొత్త ఎగుమతిదారులు ఎక్కువగా దెబ్బతినే చోటు ఇది. ఓడకు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ సరుకుపై హక్కు పత్రం కూడా. ఆర్డరు పేరుతో తీసుకుంటే, అసలు ప్రతి చూపనిదే అవతలి రేవులో సరుకు ఇవ్వరు. విక్రేత ఆ పత్రాన్ని బ్యాంకు ద్వారా పంపి, సొమ్ము చెల్లించాకే కొనుగోలుదారుకు అందేలా చూసుకోవచ్చు. ఎయిర్‌వే బిల్లుకు ఆ బలం లేదు. అది కేవలం రవాణా ఒప్పందం, రసీదు. అందులో ఎవరి పేరు ఉంటే వారికి సరుకు అప్పగిస్తారు. పత్రాలు బ్యాంకుకు చేరేలోపే పండు అవతలి దేశపు మార్కెట్లో అమ్ముడైపోవచ్చు. కనుక విమానంలో పంపేటప్పుడు పరిచయం లేని కొనుగోలుదారుల నుంచి ముందుగానే సొమ్ము తీసుకోవడం, లేదా బ్యాంకు అంగీకరిస్తే గ్రహీతగా ఆ బ్యాంకు పేరునే రాయించడం క్షేమం. విమానంలో సరుకు ఎంత తొందరగా చేరుతుందో, అంత తొందరగా చేయి దాటిపోతుంది.

సరుకు పాడైతే రవాణా సంస్థ పూర్తి విలువ ఇస్తుందన్నది కూడా అపోహే. మాంట్రియల్ ఒప్పందం కింద విమాన సంస్థ బాధ్యతకు 2024 డిసెంబరు 28 నుంచి కిలోకు 26 ఎస్‌డీఆర్‌ల గరిష్ఠ పరిమితి ఉంది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కింపు ప్రమాణం. సముద్ర రవాణాలో హేగ్-విస్బీ నియమాల ప్రకారం కిలోకు 2 ఎస్‌డీఆర్‌లు లేదా ఒక్కో ప్యాకేజీకి 666.67, ఏది ఎక్కువైతే అది. పైగా ఓడను కాపాడటానికి అయిన ఖర్చును అందులో సరుకున్న వారంతా పంచుకోవాలన్న పాత సముద్ర ఆచారం ఒకటుంది. ఎవర్ గివెన్ ఉదంతంలో ఓడ యజమానులు దాన్నే ప్రకటించారు. తన డ్రమ్ముకు గీత పడకపోయినా వాటా చెల్లించవలసి వస్తుంది. బీమా తీసుకున్నవారి తరఫున ఆ హామీని బీమా కంపెనీ ఇస్తుంది.

గడువు మధ్యలో నిబంధనలు మారే ప్రమాదమూ ఉంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారత సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, అంతకు ముందే ఎక్కించిన సరుకుకు సెప్టెంబరు 17 లోగా చేరితేనే మినహాయింపు ఇచ్చింది. తూర్పు తీరం నుంచి ఆఖరు రోజుల్లో బయలుదేరిన ఓడకు ఆ మూడు వారాలు చాలవు.

రెండు దారులనూ కలిపి వాడేవారూ ఉన్నారు. సరుకును ఓడలో దుబాయ్ వరకు పంపి, అక్కడి నుంచి విమానంలో ఐరోపాకు చేర్చడం ఒక పద్ధతి. ఖర్చు, సమయం రెండూ మధ్యస్థంగా ఉంటాయి. గుజ్జు కర్మాగారాలది మరో తీరు. ఈ ఏటి గుజ్జు నమూనాను చిన్న డబ్బాల్లో విమాన కొరియర్‌లో పంపిస్తాయి. తీపి, పులుపు, రంగు చూసి కొనుగోలుదారు సరేనన్న తరువాతే చెన్నై నుంచి ఖాళీ కంటెయినర్ చిత్తూరుకు బయలుదేరుతుంది.